న్యాయమే సంఘైక్యమునకు మూలము
(వార్షికమహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



 మేము వక్తలము గాము. బడిపిల్లలకు శబ్దమంజరియు, రఘువంశమును చెప్పుకొనుచు కాలము గడపినవారము. అయినను మాకు నిర్ణయింపబడిన విషయము సంఘమునకు ప్రాణప్రదమైనది గావున, తోచినదానిని మొగమాటము లేక విన్నవింప సాహసించుచున్నాము.

ప్రతి సంవత్సరమును మన మహాసభలందు ఐకమత్యమును గూర్చి తీర్మానము చేయుచున్నాము. కరతాళధ్వనుల మధ్య దాని నంగీకరించి, విందారగించి, ఎవరి యూరికి వారు పోవుచున్నాము. మఱుసటి యేట మరల నదే తీర్మానము వచ్చుచున్నది. ఒకే తీర్మానమును ఏటేట చేయవలసి వచ్చుచున్నదనగా అది నెఱవేఱుట లేదనియే గదా యర్థము! ఏల నెఱవేఱుట లేదు? మాకు తోచిన కారణ మిది. ఐకమత్యము ఫలమువంటిది. తీర్మానించినంతమాత్రమున ఫలము పండదు. చెట్టు మొదట నీరు పోయవలయును. సంఘమున న్యాయము జరిగినచో ఐకమత్యము దానంతట నదియే వచ్చును. న్యాయము జరుగనిచో ఎన్ని తీర్మానములు చేసినను రాదు.

మన గ్రామములలో తఱచుగ జరుగునది యేమి? ఒక వితంతువునకు భర్త భాగము రాలేదు. ఒక తమ్మునికి తండ్రి యాస్తిలో చెల్లవలసినది చెల్లలేదు. ఒకచోట విద్యార్థి వసతిగృహమునకై వసూలయిన సొమ్మునకు లెక్క చెప్పువారు లేరు. బాధ పడినవారు నోరు విప్పబోవుసరికి పెద్దలు కూడి, "నలుగురిలో మన కులము పేరు చెడును, ఐకమత్యము కొఱకు ఓర్చుకొనుడు" అని బుద్ధి చెప్పుదురు. ఈ ఓర్పు ఎవరికి బోధింపబడుచున్నదో గమనింపుడు. తీసికొన్నవారికి గాదు, పోగొట్టుకొన్నవారికి! అట్లు కలిగిన మౌనమును మనము శాంతి యని భ్రమపడుచున్నాము. అది నివురు గప్పిన నిప్పు. అది యొకనాడు పెండ్లిపందిటనో, చావింటనో, ఎన్నికలలోనో బయటపడి, రెండు కుటుంబముల తగవు రెండు పక్షముల పోరై, ఊరంతయు రెండు ముక్క లగుచున్నది.

ఈ భ్రమ నేటిది గాదు. ఉద్యోగపర్వమునందలి సంజయరాయబారమును స్మరింపుడు. ధృతరాష్ట్రుడు సంజయుని ఉపప్లావ్యమునకు పంపెను. అతడు శాంతిని గూర్చియు, బంధువధ వలని పాపమును గూర్చియు, ధర్మజుని సుగుణములను గూర్చియు ఎంతో చక్కగ పలికెను. కాని యొక్కమాట మాత్రము ఆ రాయబారమున లేదు. పాండవులకు రావలసిన భాగము నిత్తుమను మాట యది. శాంతి కావలయును, భాగ మీయనక్కఱలేదు. ఇదియే వృద్ధరాజు కోరిక. ధర్మజుడు కడకు ఐదూళ్ళతోనైనను సరిపెట్టుకొందు ననెను. ఆ యైదూళ్ళు దక్కియుండినచో పదునెనిమిది యక్షౌహిణుల సేన మడిసెడిది గాదు. మన తెలుగువారికి ఈ పర్వమును ప్రసాదించిన తిక్కన సోమయాజి నెల్లూరి మనుమసిద్ధికడ మంత్రిత్వము నెఱపినవాడు. రాయబారములలో పలుకబడిన మాటతోబాటు పలుకని మాటను గూడ తూచి చూడవలయునని ఎఱిగినవాడు.

దూర మేల? మన పలనాటి కథయు నట్టిదియే. గురజాల యేలిన నలగామరాజును, మాచర్ల యేలిన మలిదేవుడును సవతి సోదరులు. కోడిపందెమున నోడిన మాచర్లవారు ఏడేండ్లు వలస పోయి, గడువు తీఱినపిదప తమ రాజ్యమును తమ కిమ్మని యడిగిరి. పందెపు మాట చెల్లలేదు. రాయబారిగ వచ్చిన అలరాజు విషప్రయోగమున మరణించెను. తుదకు కారెంపూడికడ నాగులేటియొడ్డున అన్నదమ్ముల బిడ్డలు ఒకరినొకరు చంపుకొనిరి. నేటికిని అచట ఏటేట వీరుల యుత్సవము జరుగుచున్నది. వారి శౌర్యమును పూజించుట ఉచితమే. కాని, గడువు తీఱిననాడు ఇయ్యవలసినది ఇచ్చియుండినచో ఆ వీరులు తమ పిల్లలను పెంచుకొనుచు బ్రతికియుందురు గదా యనియు తలపోయవలయును.

ఇక శాస్త్రము చెప్పునదేమో చూతము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున తగవులు తీర్చు స్థానములు క్రమముగ చెప్పబడినవి. కులము, శ్రేణి, పూగము, వీని కన్నిటికిని పైన రాజు నియమించిన యధికారులు. కళ్యాణపుర చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు వీనిని వివరించెను. పదుమూడవ శతాబ్దమున కేతన కవి దాని ననుసరించి తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించుటచే ఈ ధర్మములు సంస్కృతము రానివారికిని అందుబాటునకు వచ్చినవి. మితాక్షర ప్రకారము కులమనగా జ్ఞాతులును చుట్టములును గూడిన సమూహము. శ్రేణి యనగా ఒకే వృత్తిచే జీవించువారి సమూహము. పూగమనగా ఒకేచోట కాపురముండు వేర్వేరు జాతులవారు, వేర్వేరు వృత్తులవారు గూడిన సమూహము. కులము చేసిన తీర్పు సరిగా లేదని తోచినవాడు శ్రేణికిని, అచట తృప్తి గలుగనిచో పూగమునకును, అటుపై రాజాధికారులకును పోవచ్చును.

ఇందలి విశేషమును మీరు గమనింపవలెనని మా ప్రార్థన. మన పూర్వులు చుట్టముల సభకు గౌరవ మిచ్చిరి గాని, తుదిమాట నీయలేదు. దానిపై వృత్తిసభ నుంచిరి. దానిపైని నానాజాతులవారు కూర్చుండు ఊరిసభ నుంచిరి. కుల పంచాయతీ మాటకు తిరుగు లేదనువారు శాస్త్రమును ఎఱిగి పలుకుట లేదు. మన తగవు ఎంత న్యాయముగ తీర్చితిమో పొరుగు కులమువాడు చూచి మెచ్చునట్లుండవలెనని శాస్త్రాభిప్రాయము.

ఈ మర్యాదను మఱచి, కులమే తుదిమాట చెప్పుటకు పూనుకొన్నపుడు దాని చేతికి చిక్కిన ఆయుధము వెలి. నీరు బందు, నిప్పు బందు, పెండ్లికి పేరంటము లేదు, పీనుగును మోయువారు లేరు. ఐకమత్యమును కాపాడుటకే దీనిని ప్రయోగించుచున్నామని పెద్దలు చెప్పుచువచ్చిరి. అది నిజముగ ఐకమత్యమును కాపాడెనా? చరిత్రలో ప్రసిద్ధములైన రెండు సంగతులు మనవి చేసెదము.

వితంతువుల పునర్వివాహము చెల్లునని 1856లోనే శాసనము పుట్టినది. అయినను ఇరువదియైదేండ్లకు, అనగా 1881 డిసెంబరు 11వ తేదీన, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినపుడు, ఆ కార్యమున పాల్గొన్నవారికి వెలి తప్పలేదు. వంటవారును, నీళ్ళు తెచ్చువారును రాకుండుటచే పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు ఆ పనులన్నియు తామే చేసికొనవలసివచ్చెను. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారివంటి దాతలు ధనసహాయము చేసి నిలబెట్టిరి. శాసనము చెల్లునన్నదానిని సంఘము దండించినది. ఆ దండనము వివాహములను ఆపలేదు. బంధువులను మాత్రము విడదీసినది.

రెండవది మోహనదాసు గాంధిగారి సంగతి. 1888లో ఆయన చదువునకై ఇంగ్లండు పోదలచినపుడు బొంబాయిలోని వారి మోఢ్ వణిక్కులము సభ చేసి, సముద్రయానము తగదని శాసించెను. ఆయన విననందున వెలివేసి, సాయము చేసినవారికిని, ఓడరేవునకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాల జరిమానా విధించెను. ఆయన 1891లో తిరిగివచ్చుసరికి ఏమైనది? ఆ కులమే రెండుగా చీలినది. ఒక పక్షము వెంటనే చేర్చుకొనెను, రెండవ పక్షము వెలి నట్లే యుంచెను. అత్తమామలును, తోబుట్టువును చాటుగ నన్నము పెట్ట సిద్ధపడిరి గాని, చాటున చేయు పని తమకు తగదని గాంధిగారు వారి యింట మంచినీరైనను ముట్టలేదు. ఒక్క యువకుని వెలివేసి కులమును నిలుపదలచినవారు కులమునే చీల్చుకొనిరి. అన్యాయమగు తీర్పు ఒక్కనిమీద పడినను దాని పగులు అందఱి మధ్యను పాఱునని ఇందువలన తెలియుచున్నది.

ఆ గాంధిగారి జీవితముననే దీనికి ప్రతిగా నిలుచు మఱియొక సంగతి కలదు. ఆయన 1893లో దక్షిణాఫ్రికా పోయినది దాదా అబ్దుల్లా సేటు తయబ్ సేటుపై వేసిన వ్యాజ్యెపు పనిమీద. ఇరువురును పోరుబందరువారే, దగ్గఱి చుట్టములే. వ్యాజ్యెము సాగినకొలది న్యాయవాదుల రుసుములు పెరిగి, ఉభయులును చెడుదురని గాంధిగారు గ్రహించి, మధ్యవర్తి తీర్పునకు వారి నొప్పించిరి. మధ్యవర్తి సాక్ష్యములు విని, తయబ్ సేటు సుమారు 37,000 పౌనులును, ఖర్చులును చెల్లింపవలెనని తేల్చెను. అంతటితో గాంధిగారి పని ముగియలేదు. ఆ మొత్తమును ఒక్కమాటుగ చెల్లించినచో తయబ్ సేటు దివాలా తీయును. పోరుబందరు వర్తకులకు దివాలాకంటె మరణమే మేలు. కావున దీర్ఘకాలపు వాయిదాలకు దాదా అబ్దుల్లా నొప్పింపవలసివచ్చెను. మధ్యవర్తికి ఒప్పించుటకంటె ఇది కష్టమయ్యెనని ఆయనయే వ్రాసికొనినారు. తుదకు ఇరువురును సంతోషించిరి. ఇరువురి గౌరవమును పెరిగెను.

సోదరులారా! న్యాయమునకు రెండు భాగములున్నవని ఈ సంగతి మనకు నేర్పుచున్నది. ఎవరికి ఎంత చెల్లవలెనో నిర్మొగమాటముగ తేల్చుట మొదటిది. ఓడినవాడు మరల నలుగురిలో తల యెత్తి బ్రతుకునట్లు చూచుట రెండవది. మొదటిది విడిచినచో తగవు తీఱదు, కప్పిపుచ్చబడును. రెండవది విడిచినచో పగ మిగులును. మన పెద్దలు చాలమంది మొదటిదానిని విడిచి, "సగము సగము పుచ్చుకొని పోండు" అందురు. ఎద్దును పోగొట్టుకొన్నవానికి సగము ఎద్దు ఇప్పించుట న్యాయ మెట్లగును?

తీర్పరికి ఉండవలసిన గుణమేదన, పక్షపాతము లేకుండుట. విదురుడు చెప్పిన ప్రహ్లాదుని కథ మీ రెఱిగినదే. ప్రహ్లాదుని కుమారుడగు విరోచనునకును, అంగిరసుని కుమారుడగు సుధన్వునకును ఎవరధికులను వాదము పుట్టి, ప్రాణములు పణముగ నొడ్డుకొని, ఇరువురును ప్రహ్లాదునికడకే తీర్పునకు వచ్చిరి. కొడుకు ప్రాణము పోవునని యెఱిగియు ప్రహ్లాదుడు సుధన్వుడే యధికుడని పలికెను. అది విని సుధన్వుడు సంతసించి, విరోచనుని ప్రాణమును మరల నిచ్చెను. తండ్రి కొడుకు పక్షము పలికియుండినచో కొడుకును దక్కెడివాడు గాదు, ధర్మమును దక్కెడిది గాదు. ఓడినవానిపై గెలిచినవానికి దయ పుట్టవలెనన్నచో, తీర్పు నిష్పక్షపాతమని ముందుగ అతనికి నమ్మకము కలుగవలయును. మేము పాఠశాలలో చూచినదియు నింతే. బాలురు దండనమునకు అంతగ నొచ్చుకొనరు. ఒకే తప్పునకు ఒకనికి బెత్తమును, ఒకనికి చిఱునవ్వును లభించిననాడు తరగతి యంతయు రెండుగ చీలును. పెద్దవారి సభలును ఇందుకు భిన్నములు గావు.

ఇక నేడు మన యిండ్లలో రగులుచున్న రెండు విషయములను గూర్చి స్పష్టముగ చెప్పవలసియున్నది.

మొదటిది ఆడుబిడ్డల భాగము. మితాక్షర పుత్రునకు పుట్టుకతోడనే పిత్రార్జితమున హక్కు నిచ్చినది. ఆ హక్కును పుత్రికకును ఇచ్చుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో శాసనము చేసినది. అప్పటికే వివాహమైన పుత్రికలకు మాత్రము అది వర్తింపలేదు. 2005లో పార్లమెంటు చేసిన సవరణ ఆ భేదమును తొలగించి, దేశమంతటను పుత్రికను పుత్రునితో సమానురాలిని చేసినది. సవరణనాటికి తండ్రి జీవించియుండనక్కఱలేదనియు, హక్కు జన్మచే వచ్చినదనియు 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. ఇంత జరిగినను మనవారు పండుగకు పిలిచి, చీరె పెట్టి, హక్కు విడుదల పత్రముపై ఆడపడుచు సంతకము తీసికొనుచున్నారు. "కట్న మిచ్చితిమి గదా" అందురు. కట్న మిచ్చుటయు, పుచ్చుకొనుటయు 1961 నుండియు నేరము. నేరము చేసి దానిని హక్కునకు బదులుగ చూపుట యెట్లు చెల్లును? ఇష్టపూర్వకముగ సోదరి వదలుకొన్నచో ఆమె యౌదార్యము. పుట్టిల్లు మూసికొనిపోవునను భయముచే వ్రాసి యిచ్చినచో అది యౌదార్యము గాదు. అట్టి సంతకములతో నిలిచిన కుటుంబైక్యము తల్లిదండ్రుల తదనంతరము ఎన్నాళ్ళుండునో మీరందఱును చూచుచునే యున్నారు.

రెండవది మన యువతీయువకుల వివాహములు. వయస్సు వచ్చిన యిరువురు తమ యిష్టముచే చేసికొన్న వివాహమున జోక్యము చేసికొనుటకై ఏ పంచాయతీ కూడినను అది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. సాంఘిక బహిష్కారమును నేరముగ నెంచి మహారాష్ట్రమున 2016లో ప్రత్యేకశాసనము చేయబడినది. తల్లిదండ్రుల దుఃఖమును మేము తక్కువ చేయుట లేదు. పెంచి పెద్ద చేసినవారి మాట ముందుగ నడుగుట బిడ్డల ధర్మమే. కాని దుఃఖపడు హక్కు వేఱు, దండించు హక్కు వేఱు. పెండ్లిమాట నెపముగ ఒక బిడ్డపై చేయి యెత్తినవానికి మన సంఘమున ఆసన మీయరాదు.

కావున ఈ సంవత్సరము ఐకమత్య తీర్మానమునకు బదులుగ మన సంఘము ఒక సామరస్యసభను స్థాపింపవలెనని మేము సూచించుచున్నాము. దాని నియమములు ఇట్లుండిన బాగుండును.

మొదటిది, ఉభయపక్షములకును వ్రాతమూలముగ తెలియజేసి, ఇరువురిని ఎదురెదుర కూర్చుండబెట్టి వినకుండ ఏ మాటయు పలుకరాదు. నేడు చేతిఫోనులలో ఒకరి మాట విని వందమంది తీర్పు చెప్పుచున్నారు. ఆ యలవాటు సభలోనికి రారాదు.

రెండవది, సభ్యులైదుగురిలో ఇద్దఱైనను స్త్రీలు కావలయును; ఒకరు అన్యకులమునకు చెందిన పెద్దమనిషి కావలయును. పూగమని శాస్త్రము చెప్పినదాని సారమిది.

మూడవది, కక్షిదారులతో చుట్టఱికముగాని, అప్పుసంబంధముగాని గలవారు ఆ తగవు విచారణనుండి తామే తప్పుకొనవలయును.

నాలుగవది, కారణములతోగూడిన పరిష్కారమును వ్రాసి, ఇరువురికిని ప్రతు లీయవలయును. మూడు మాసములకు మించి ఏ తగవును సాగదీయరాదు.

ఐదవది, జరిమానా లేదు, వెలి లేదు. ఇష్టము లేనివారు న్యాయస్థానమునకు పోవచ్చును. పోయినవారిని తప్పు పట్టరాదు.

ఆఱవది, కొట్టుట, చంపుట, స్త్రీని హింసించుట మొదలగు నేరములు ఈ సభ ముందునకు రారాదు. అవి ప్రభుత్వ న్యాయస్థానములు చూడవలసినవి. వానిని రాజీ పేర కప్పిపుచ్చుట నేరస్థునకు తోడ్పడుటయే.

మన సభ న్యాయస్థానము గాదు గదా, దాని మాటకు బలమేది యని మీరడుగవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల శాసనము ననుసరించి లోక్ అదాలతులున్నవి. వ్యాజ్యెము వేయకముందే తగవును అచటికి కొనిపోవచ్చును. అచట ఉభయుల సమ్మతితో వెలువడిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ శాసనము ఒక ప్రాంతమునందలి కుటుంబముల మధ్య శాంతిని చెఱచు తగవులను ముగ్గురు మధ్యవర్తులు పరిష్కరించుటకు ఒక ప్రత్యేక ప్రకరణమును కేటాయించినది. మన సభ మాటతో ఒప్పించి, చట్టముతో ముడివేయవలయును.

ఏడవ నియమమును కడపట చెప్పుటకు కారణము కలదు. ఇతరుల తగవులు తీర్పబూనుటకు ముందు సంఘము తన లెక్కలను తాను చూపవలయును. వసతిగృహనిధి, విద్యార్థివేతననిధి, కల్యాణమండపపు ఆదాయము, ప్రతి రూపాయియు తనిఖీ చేయించి, వచ్చు సంవత్సరపు సంచికయందు ప్రచురింపవలెను. విరాళము లిచ్చిన పోషకులకు ఛాయాచిత్రముకంటె ఈ లెక్కయే నిజమైన సన్మానము. తన పుస్తకమును మూసి యుంచిన సంఘము ముందు ఏ వితంతువు తన గోడు చెప్పుకొనును?

కడపటి మాట. మన ఐక్యత పొరుగువారిపై ఎత్తిన కత్తి కారాదు. మన రాజ్యాంగము పదునేడవ యధికరణమున అంటరానితనమును రద్దు చేసి డెబ్బదియైదేండ్లు దాటినది. అయినను మనవాడు అన్యకులమువారి కపకారము చేసినపుడు "మనవాడు గదా" యని వెనుక నిలుచు అలవాటు పోలేదు. లోపల న్యాయము, బయట అన్యాయము అను రెండు త్రాసులు ఒకే యింట నిలువవు. బయటివానికి తప్పుడు తూకము వేయుటకు అలవాటుపడిన చేయి రేపు అన్నదమ్మునకును అట్లే తూచును. మనవాడు తప్పు చేసినపుడు మనమే ముందుగ తప్పనిన నాడు, మన కులమునకు నిజమైన గౌరవము దక్కును. ఊరిలో శాంతి నిలుచును.

ఇచటికి వచ్చిన పెద్దలను మేము కోరునది యొక్కటియే. మీ మీ గ్రామములకు పోయిన పిమ్మట, ఇన్నాళ్ళు ఓర్చుకొమ్మని చెప్పి పంపివేసిన వారిలో ఒక్కరి యింటికైనను పోయి, కూర్చుండి, వారి మాట మొదటినుండి కడవఱకు వినుడు. ఈ సామరస్యసభకు అదియే మొదటి సమావేశము. ఏలినవారు ఈ సూచనను తీర్మానముగ స్వీకరింతురుగాక యని ప్రార్థించుచున్నాము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.